ఒకే కప్పు కింద ఇద్దరు హిండెలు

హిండె సరిగ్గా తన తద్దినం నాడే అన్నయ్య గడప తొక్కింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిసుంటే ఇంకో రెండు రోజులు స్టేషన్ బల్ల మీదే పడుకుని, ఆ రోజు దాటాక వచ్చేది.

నలభై ఎనిమిదో సంవత్సరం, జనవరి నెలాఖరు. రిఖ్‌బాఖ్ ఊరి వీధుల్లో మోకాలి లోతు మంచు. వారం కిందట లోజ్ నగరంలో, బతికి బట్టకట్టిన యూదుల పేర్లు గోడకి అంటించిన చోట, వేలితో ఒక్కో వరుసా చదువుకుంటూ పోతే ఆమెకు జేలిగ్ పేరు దొరికింది. పక్కనే ఈ ఊరి చిరునామా ఉంది. ఆ గోడ దగ్గర ఏడుస్తున్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు గనక ఆమె కూడా నిశ్చింతగా ఏడ్చుకుంది. ఉత్తరం మాత్రం రాయలేదు. కింద ఏ పేరుతో సంతకం పెట్టాలో తోచలేదు. ఆమె కాగితాల్లో ఉన్న పేరు ఆమెది కాదు.

వాళ్ళది బిల్గొరాయ్‌లో జల్లెడలు అల్లే ఇల్లు. యుద్ధం మొదలైన ఏడు రష్యా సైన్యం ఊళ్ళోకి వచ్చింది. నాలుగు రోజులుండి మళ్ళీ వెనక్కి పోతూ, రాదలచినవాళ్ళని లారీలెక్కించుకుంది. పందొమ్మిదేళ్ళ హిండె ఎగిరి ఎక్కి కూర్చుంది. నది అవతల ఎలా ఉందో చూసి పదిహేను రోజుల్లో వచ్చేస్తానని చెప్పింది. అమ్మ ఆమె కోటు జేబులో రెండు ఉడకబెట్టిన గుడ్లు పెట్టింది. ఆ పదిహేను రోజులు ఎనిమిదేళ్ళయ్యాయి. రష్యా ఉత్తరపు అడవుల్లో దుంగలు మోసింది, ఆ తర్వాత ఉజ్బెకిస్తాన్ ఇసుకలో పడింది. ఇంట్లో మిగిలిపోయిన పదకొండు మందిలో గోడ మీద కనిపించింది ఒక్క జేలిగ్ పేరే.

మూడో అంతస్తు. తలుపు తీసింది ఓ పాతికేళ్ళ మనిషి. చంకలో పిల్ల, ఎర్రబడిన మొహంతో తల్లి భుజం మీద వాలిపోయి ఉంది.

"ఎవరు కావాలండీ?"

"జేలిగ్ ఇల్లు ఇదేనా? బిల్గొరాయ్ జేలిగ్. నేను వాళ్ళ చెల్లెల్ని. హిండెని."

ఆమె అరవలేదు, అడుగు వెనక్కి వెయ్యలేదు. ముందు హిండె పాదాల వంక చూసింది. తర్వాత తొంగి మెట్ల వైపు చూసింది. మంచు తొక్కిన తడి అడుగులు కింది దాకా ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నట్టు చూసింది.

"అక్కడే ఉండండి," అని లోపలికి పోయి, ఉప్పు చల్లిన రొట్టె ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. "తినండి."

హిండె గుమ్మంలో నిలబడే తిన్నది. నమలడం, మింగడం, గొంతు కదలడం, అన్నీ ఆ మనిషి రెప్ప వెయ్యకుండా చూసింది. చచ్చినవాళ్ళు ఉప్పు ముట్టరని వాళ్ళ అమ్మమ్మ చెప్పి ఉంటుంది. హిండె వాళ్ళ అమ్మమ్మ కూడా అలాగే చెప్పేది, అందుకని తప్పు పట్టలేదు.

"నేను బ్రానాని. ఆయన భార్యని," అంది చివరికి. "మిల్లు నుంచి రెండింటికి వస్తారు. కూర్చోండి."

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకటే తీరు. యుద్ధం దాకా అక్కడ కాపురమున్న జర్మన్లు వెళ్ళిపోయారు, వాళ్ళ మేకులూ పింగాణీ డబ్బాలూ ఉండిపోయాయి. గోడ మీద పటాలు తీసిన చోట తెల్లటి చదరాలు మిగిలాయి. పొయ్యి పక్కన ఒక పొట్టి బల్ల, దాని మీద ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని చేసిన గుంట. వేరేవాళ్ళ ఇంట్లో వేరేవాళ్ళ గిన్నెల్లో వండుకు తినడం హిండెకి కొత్త కాదు. అయినా ఆ గదిలోకి రాగానే వీపు మీద చల్లగా అనిపించింది.

అలమర మీద, పట్టపగలు, గాజు గ్లాసులో దీపం వెలుగుతోంది. పోయినవాళ్ళకి ఏడాదికోసారి పెట్టే దీపం అది.

"ఎవరికి?" అంది హిండె.

బ్రానా పిల్ల వైపు తిరిగింది. పిల్ల మూలుగుతుంటే వీపు నిమురుతూ, "ఊరుకో హిండె, హిండెలె, ఊరుకో నా తల్లీ," అంది.

ఇక అడగక్కర్లేదు. వాళ్ళలో బతికున్నవాళ్ళ పేరు పిల్లలకి పెట్టరు. పోయినవాళ్ళ పేరే పెడతారు. హిండె కుర్చీలో కూర్చుని తన దీపం వంక తనే చూస్తూ ఉండిపోయింది. వత్తి చిన్నగా చిటపటమంది.

రెండింటికి జేలిగ్ వచ్చాడు. టోపీ మీది మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, ఆమెని చూశాడు. నెమ్మదిగా బూట్లు విప్పాడు. విప్పి, నేల మీద చతికిలబడ్డాడు. వాళ్ళలో చావు కబురు విన్న మనిషి కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఎన్నిసార్లు అలా కూర్చుని ఉంటాడో, ఒంటికి ఇంకే పద్ధతీ తోచలేదు.

"అన్నయ్యా."

"హెర్షెల్ చెప్పాడే," అన్నాడు నేల వంకే చూస్తూ. "మనూరి పీపాల హెర్షెల్, ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చినవాడు. కాట్టకుర్గాన్‌లో చూశానన్నాడు. సమాధి చెక్క మీద నీ పేరు కళ్ళారా చదివానన్నాడు. మన లెక్కలో షెవాత్ నెల, పదహారో రోజు. ఈ రోజే."

"తెలుసు."

"తెలుసా?"

ఆమె చెప్పబోయింది. కానీ అతను అప్పటికే లేచి వచ్చి ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె ఏడ్చింది. లోజ్ గోడ దగ్గర ఏడ్చిన ఏడుపు దీని ముందు ఏపాటిది?

"అమ్మ?" అంది.

"అడక్కు."

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "నీ ముక్కు అలాగే ఉంది," అన్నాడు.

"నీ జుట్టెక్కడికి పోయింది?"

"జర్మన్లు పట్టుకుపోయారు. మిగిలింది ఈ పిల్ల తల్లి పీకేసింది." బ్రానా నవ్వలేదు. "బ్రానా, ఇదేనే మా హిండె! ఎన్నిసార్లు చెప్పాను? బిల్గొరాయ్ మొత్తం మీద దీనంత సన్నగా జల్లెడ అల్లేవాళ్ళు లేరు."

"అన్నయ్యా, నేనల్లిన జల్లెడలో పిల్లి దూరి అవతలికి పోయేది. నాన్న వాటిని కోళ్ళ గంపల కింద అమ్మేవాడు."

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో బతికిన హిండె వేరు. ఆమెకి అన్నీ వచ్చు, ఎప్పుడూ నవ్వు మొహమే, ఎవరికీ ఎదురు చెప్పదు. ఇప్పుడు ఆమె కుర్చీలోకి ఈ బుగ్గలు లొట్టపోయిన మనిషి వచ్చి కూర్చుంది. జేలిగ్ నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగి ఆమెని పరాయిమనిషిని చూసినట్టు చూస్తున్నాడు. ఆ చూపు హిండె కంటబడింది. మనసు చివుక్కుమంది. ఆమె ఇన్ని వేల మైళ్ళు వచ్చింది ఒకే ఒక్క దాని కోసం. తన వాళ్ళ నోట తన పేరు వినాలి. అది విని, ఆ పేరుతో ఈ కప్పు కింద పడుండాలి. ఇంకేమీ అక్కర్లేదు.

"పిల్లకి జ్వరం," అంది బ్రానా హఠాత్తుగా. "నిన్న పొద్దుగూకి దీపం వెలిగించిన దగ్గర్నుంచీ. పోయినేడూ ఇదే రోజు."

"చలికాలం, పిల్లలన్నాక జ్వరాలు రావూ?" అన్నాడు జేలిగ్.

"ఇదే రోజు అంటున్నాను."

చంక దిగుతానని పిల్ల మారాం చేసింది. కింద దించితే, రెండేళ్ళు కూడా నిండని బుడిబుడి అడుగులతో మేజా దగ్గరికి వెళ్ళి, అంచున ఉన్న రొట్టె ముక్క అందుకుంది. నోట్లో పెట్టుకుంటుందేమో అనుకున్నారు. పెట్టుకోలేదు. పొయ్యి పక్కన పొట్టి బల్ల దాకా నడిచి, ఆ గుంటకి ఎదురుగా, బల్ల అంచు మీద జాగ్రత్తగా పెట్టింది. పెట్టి, తలెత్తి, ఎవరో తింటారని ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

"వారం నుంచీ ఇదే ఆట," అన్నాడు జేలిగ్. అతని నవ్వు సగంలోనే పోయింది.

"ఎవరికే అంటే 'అత్తకి' అంటుంది," అంది బ్రానా. "మేం దీపం పెట్టే ఆవిడకేమోలే అనుకున్నాను. పోనీలే, తిననీ అనుకున్నాను. మరి అత్తంటే మీరేగా? మీరిక్కడ కూర్చున్నారు. అక్కడ కూర్చున్నదెవరు?"

అక్కడ కూర్చున్నదెవరో హిండెకు తెలుసు. తనని రొట్టె అడగడానికి హక్కున్నది లోకంలో ఒక్కతే.

బ్రానా కింది అంతస్తుకి పోయి అక్కడుండే పెద్దాయన రెబ్ ఫైవెల్‌ని వెంటబెట్టుకొచ్చింది. ప్రార్థన మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. రోజూ పొద్దున తలుపు తీసేముందు మూడుసార్లు కొట్టి, రాత్రంతా లోపల ప్రార్థన చేసుకున్న చచ్చినవాళ్ళకి 'మేమొస్తున్నాం, లేవండి' అని చెప్పి మరీ తీస్తాడు. ఆ ఊళ్ళో బతికున్నవాళ్ళు తక్కువ గనక ఆయనకి ఎక్కువ పరిచయం అటువైపు వాళ్ళతోనే. వచ్చి, హిండెని ఎగాదిగా చూసి, కుర్చీ లాక్కున్నాడు.

"బతికొచ్చావు, సంతోషం," అన్నాడు. "కానీ చిక్కొచ్చిందమ్మాయ్. ఒక కప్పు కింద ఒకే పేరుతో ఇద్దరుండకూడదు. మృత్యుదూతకి ఒళ్ళంతా కళ్ళే, అయినా చదువు తక్కువ. పై నుంచి చీటీ వస్తుంది, హిండెని తీసుకురమ్మని. వాడు దగ్గరున్నదాన్ని పట్టుకుపోతాడు."

"అదే నేనూ అంటున్నా తాతా," అంది బ్రానా. పిల్లని మళ్ళీ ఎత్తుకుని గుండెకి అదుముకుంది.

"ఒక్కటి చెప్పు," ముసలాయన హిండె వైపు వంగాడు. "పదహారో రోజున అక్కడ ఎవరూ చావలేదా? చెక్క పాతారంటే కింద ఎవరో ఉండాలిగా."

ముగ్గురూ ఆమెనే చూశారు. చెప్పకుండా తప్పించుకోవచ్చు. హెర్షెల్ ఎవరినో చూసి ఎవరో అనుకున్నాడంటే పోతుంది. కానీ పొయ్యి పక్కన ఆ రొట్టె ముక్క ఉంది.

"పెర్ల్," అంది. "బ్రోదీ ఊరి పిల్ల. మెండెల్ కూతురు. మట్టి గుడిసెలో ఒకే గడ్డి మీద పడుకునేవాళ్ళం. ఇద్దరికీ పేల జ్వరం. జుట్టు గీసేశారు. గుండు తలలకి తేడా ఏముంది అన్నయ్యా, ఎవరు ఎవరో మాకే తెలిసేది కాదు. ఒక పొద్దున దాని చెయ్యి నా మీద బరువుగా ఉంది. చూస్తే చల్లబడిపోయింది."

బల్ల మీది రొట్టె ముక్క వైపు ఒకసారి చూసి మళ్ళీ మొదలుపెట్టింది.

"దానికి అక్కడి మిల్లులో పని, రేషన్ కార్డుంది. రోజుకి ఆరొందల గ్రాముల రొట్టె. నాకు కార్డే లేదు. అది తన రొట్టె విరిచి పెడుతుంటే తిని బతుకుతున్నాను. పేర్లు రాసుకునే ఆవిడ గుమ్మంలోంచే అడిగింది, పోయిందెవరు అని. నేను హిండె అన్నాను. ఒక్క మాట. నా పేరు రాసిన చెక్క దాని మీద పాతారు. దాని పేరుతో నన్ను ఆస్పత్రికి తీసుకుపోయారు. తర్వాత అక్కడే పనికి పెట్టుకున్నారు. ఆరేళ్ళు దాని రొట్టె తిన్నాను. దాని కాగితాల మీదే మొన్న సరిహద్దు దాటాను."

పిల్ల తల్లి భుజం మీంచి బల్ల వైపు చూస్తూ ఏదో గొణిగింది.

"అంటే తేదీ సరైనదే," అన్నాడు ఫైవెల్ నెమ్మదిగా. "దీపం సరైన రోజునే వెలుగుతోంది. పేరే తప్పు. తన రోజున వెలుగు చూసి వచ్చింది, పాపం. వస్తే వేరేవాళ్ళని పిలుస్తున్నారు."

జేలిగ్ బల్ల వైపు చూడకుండా అన్నాడు. "పిల్ల పేరు మార్చేద్దాం. ఈ రోజే. నా చెల్లెలు దాని పేరుతో అది ఉంటుంది."

"పేరు ఎప్పుడు మారుస్తారో తెలుసా మీకు?" బ్రానా గొంతు లేచింది. "ప్రాణం మీదికొచ్చినప్పుడు మారుస్తారు. నా పిల్లకి మామూలు జ్వరం. మీరు పేరు మార్చి, ఇది చావుబతుకుల్లో ఉందని చాటింపు వేస్తారా?"

"నేనే పోతాను," అంది హిండె. "వ్రోత్స్‌వాఫ్ నగరం ఆస్పత్రుల్లో పనుంది. కాగితాల్లో నేనెలాగూ పెర్ల్‌నే. అలాగే ఉండిపోతాను. అప్పుడప్పుడు వచ్చి..."

"మళ్ళీ చస్తావా?" అన్నాడు జేలిగ్. "ఒకసారి చాల్లేదా?"

"ఆపండి," అంది బ్రానా. పిల్లని అతని చేతుల్లో పడేసి హిండె ఎదుటికి వచ్చి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ గొంతులో జాలి లేదు. "నాకు నలుగురు పోయారు. అమ్మ, ఇద్దరక్కలు, వాళ్ళలో ఒకరి పిల్ల. నలుగురికీ ఒక్క పేరు మిగల్లేదు. మొదటి కాన్పు పేరు తల్లి వైపు వాళ్ళది, అది అందరికీ తెలిసిన పద్ధతి. కానీ ఈయన ఏడుస్తుంటే చూడలేకపోయాను. హిండె హిండె అని గోడకి తల కొట్టుకునేవారు. సరే పెట్టుకోండి అన్నాను. మా అమ్మని పక్కకి జరిపి మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఇప్పుడు మీరేమో బతికొచ్చారు."

బతికొచ్చినందుకు క్షమాపణ ఎలా చెప్తారో హిండెకి ఎవరూ నేర్పలేదు. తల వంచుకుని, కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"కాస్త ఆగమ్మాయ్," అన్నాడు ఫైవెల్. బ్రానా వైపు తిరిగాడు. "మీ అమ్మ పేరేంటమ్మా?"

"తోయ్‌బె." అడగడం పూర్తవకముందే చెప్పింది. రెండేళ్ళుగా నాలిక చివరే పెట్టుకున్న పేరు అది.

"పేరు మార్చడం వేరు, తప్పు దిద్దుకోవడం వేరు. పోయినవాళ్ళ పేరు పెట్టాలి, మీరు బతికున్నదాని పేరు పెట్టారు. కాబట్టి ఆ కుర్చీ ఖాళీ. రెండేళ్ళుగా ఖాళీగానే ఉంది, మనకి తెలీదు. మీ అమ్మ వచ్చి కూర్చుంటానంటే ఈ లోకంలో ఎవరికి అడ్డం?"

బ్రానా పొయ్యి దగ్గరికి నడిచి, ఆ పొట్టి బల్ల పక్కన, దానికి తగలకుండా నిలబడి, తలగుడ్డ కొసతో మొహం కప్పుకుని ఏడ్చింది. మొదటిసారి ఆ ఇంట్లో ఆమె ఏడుపు ఆమె వాళ్ళ కోసం.

వెలుతురుండగానే ఫైవెల్ మిల్లు నుంచి ప్రార్థనకి కావలసిన పది మంది మగవాళ్ళని పోగేశాడు. నూలు పోగులు అంటుకున్న బట్టలతో వచ్చి గదిలో నిలబడ్డారు. కీర్తన చదివి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఇక మీదట ఇశ్రాయేలు జనంలో దీని పేరు తోయ్‌బె అని మూడుసార్లు చెప్పారు. తర్వాత అలమర వైపు తిరిగారు. దీపం ఆర్పి మళ్ళీ వెలిగించాలా అని ఒకాయన అడిగితే, "అది వెలుగుతున్నది ఆమెకే కదా, ఎందుకూ," అన్నాడు ఫైవెల్. మెండెల్ కూతురు పెర్ల్ పేరు చెప్పి జేలిగ్ పోయినవాళ్ళ కోసం చదివే కద్దీష్ చదివాడు. ముఖం కూడా చూడని మనిషి కోసం చదువుతుంటే అతను ఎందుకో పదేపదే ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. హిండె పెదాలు కదపలేదు. ఆ పేరు అందరి నోటా వినబడుతుంటే దీపం వంకే చూస్తూ నిలబడింది.

తెల్లారేసరికి పిల్లకి జ్వరం దిగింది. బల్ల మీది రొట్టె ముక్క కూడా లేదు. ఎలుక తిని ఉంటుందన్నాడు జేలిగ్. ఆ ఇంట్లో ఎలుకని వాళ్ళెప్పుడూ చూడలేదు.

పొద్దున ఏడు కావస్తోంది. జేలిగ్ పనికి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు. హిండె కిటికీ దగ్గర కూర్చుని పిల్ల మేజోడు కుడుతోంది. మొహం తేటగా ఉంది. రాత్రి కలలేమీ రాలేదని బ్రానాకి చెప్పింది కూడా. ఇల్లు దొరికింది, పేరు దొరికింది. ఇకనుంచి ఆ పేరు ఈ ఇంట్లో ఆమె ఒక్కదానిదే.

"హిండె," అని పిలిచాడు జేలిగ్.

నేల మీద ఆడుకుంటున్న పిల్ల లేచి, నవ్వుకుంటూ తండ్రి దగ్గరికి పరిగెత్తింది.

"నువ్వు కాదే, నువ్వు తోయ్‌బెవి," అని ఎత్తుకున్నాడు. "హిండె. ఏయ్, నిన్నే."

కిటికీ దగ్గర సూది ఎప్పటిలాగే కిందికీ పైకీ కదులుతోంది.

బ్రానా పాలగిన్నె చేత్తో పట్టుకుని అలాగే ఆగింది. ఆడపడుచు వీపు వంక కాసేపు చూసింది. తర్వాత, ఎందుకన్నదో ఆమెకే తెలియకుండా, నెమ్మదిగా అంది.

"పెర్ల్."

"ఊఁ, ఏంటి?" అని వెంటనే ఇటు తిరిగింది ఆమె.

ఆమె ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. తను దేనికి పలికిందో అప్పుడు అర్థమైంది. సూది వేలిలో దిగినా చూసుకోలేదు.

జేలిగ్ పిల్లని కిందికి దించాడు. ఒక బూటు వేసుకుని ఒకటి వేసుకోకుండానే కుర్చీ లాక్కొచ్చి, ఆమెకి ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాడు.

"హిండె," అన్నాడు.

ఆమె అతని పెదాల వంక చూసింది.

"హిండె."

మిల్లు సైరన్ మోగింది. మెట్ల మీద మనుషులు దిగుతున్న చప్పుడు వచ్చింది, తగ్గింది, ఆగిపోయింది. ఆమె పలికేదాకా ఆ రోజు జేలిగ్ పనికి పోలేదు.